ఒడుపు, వాటం, ఊపు: రాయలసీమ పాఠశాలల్లో జీవయాంత్రికశాస్త్ర బోధన - పరిభాష

వ్యాససంగ్రహం:

మానవదేహ చలనాలను యాంత్రికశాస్త్ర సూత్రాలతో వివరించే శాస్త్రం బయోమెకానిక్స్. తెలుగులో దీనిని జీవయాంత్రికశాస్త్రం అనవచ్చు. ఉన్నత పాఠశాల వ్యాయామవిద్యలో దీనిని బోధించేటప్పుడు ఎదురయ్యే పరిభాషా సమస్యను ఈ వ్యాసం చర్చిస్తుంది. కర్నూలు, కడప ప్రాంతాల శ్రమజీవనంలోని పదాలు, దృష్టాంతాలు బోధనకు ఎంతవరకు ఉపకరిస్తాయో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జీవయాంత్రికశాస్త్రం, వ్యాయామవిద్య, రాయలసీమ, పరిభాష, గరిమనాభి, బండలాగుడు.

1. ఉపోద్ఘాతం

సి.బి.ఎస్.ఇ. పన్నెండవ తరగతి వ్యాయామవిద్య పాఠ్యప్రణాళికలో బయోమెకానిక్స్ ఒక అధ్యాయంగా ఉంది. రాష్ట్ర ఉన్నత పాఠశాలల్లో మాత్రం పదవ తరగతి పబ్లిక్ పరీక్షలకు వ్యాయామవిద్యలో ప్రశ్నపత్రమే లేదు. ఫలితంగా బలం, ఘర్షణ, గమన నియమాలు భౌతికశాస్త్ర తరగతిగదిలో ఉండిపోతున్నాయి. పరుగు, దూకడం, కబడ్డీ మైదానంలో ఉండిపోతున్నాయి. ఒకే విద్యార్థి ఉదయం న్యూటన్ నియమాన్ని అప్పజెప్పి, సాయంత్రం అదే నియమానికి విరుద్ధంగా కాళ్లు బిగించి గట్టి నేలమీదికి దూకుతాడు. ఈ విభజనకు మూల్యం చెల్లించేది అతని మోకాళ్లు.

కడపలోని డా. వై.ఎస్.ఆర్. క్రీడాపాఠశాల వంటి సంస్థలకు ఎంపికైన పిల్లలకు శిక్షకుల పర్యవేక్షణ లభిస్తుంది. గ్రామీణ పాఠశాలలో మిగిలిన పిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయుని మాటే ఆధారం. కనుక ఆ మాట ఏ భాషలో ఉండాలన్నది ఇక్కడ కేవలం భాషాశాస్త్ర విషయం కాదు.

2. దేశిపదాల బలం, ‘బలం’తో చిక్కు

శాస్త్రపరిభాషలో బలం, శక్తి, సామర్థ్యం అనేవి మూడు వేర్వేరు భావనలు. వ్యవహారంలో ఈ మూడూ దాదాపు పర్యాయపదాలు. ‘వాడికి బలం ఎక్కువ’ అన్నప్పుడు కండర దార్ఢ్యం, ఓర్పు, దేహభారం అన్నీ కలిసే స్ఫురిస్తాయి. పరిభాషను నిర్వచనంతో ప్రారంభిస్తే ఈ చిక్కు వీడదు. విద్యార్థి నిర్వచనాన్ని కంఠస్థం చేసి, పాత అర్థంతోనే ఆలోచిస్తాడు.

దీనికి భిన్నంగా ఒడుపు, వాటం, ఊపు అనే పదాలు ఎంతో స్పష్టమైనవి. ఒకే బరువును ఒకడు ఎత్తగలిగి, అంతే సత్తువగల మరొకడు ఎత్తలేకపోతే ‘వాటం కుదరలేదు’ అంటారు. బలం మారలేదు, బలం పనిచేసే దూరం, దిశ మారాయి. భౌతికశాస్త్రం భ్రామకం అంటున్నది దీనినే. జాతరలో గుండు ఎత్తేవాడు దానిని మొదట ఒడిలోకి, తరువాత రొమ్ముకు హత్తుకొంటాడు. నడుముకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గుండు 20 సెంటీమీటర్లకు వస్తే నడుముపై దాని భ్రామకం సగమవుతుంది. సూత్రం తెలియకుండానే ఒడుపు తెలిసినవారు ఉన్నారు. బోధకుని పని ఆ ఒడుపుకు కారణం చూపడమే.

ఊపు అనే పదాన్ని ద్రవ్యవేగానికి సమానార్థకంగా వాడరాదు. పరుగెత్తుకొచ్చి దూకేవాని ఊపులో వేగం ఉంది, ద్రవ్యరాశి కూడా ఉంది; అయితే ఉత్సాహం అనే అర్థం కూడా ఉంది. తొలి మెట్టుగా దానిని స్వీకరించి, కొలత అవసరమైనచోట ద్రవ్యవేగమనే పదానికి మారడం ఉచితం.

3. బండలాగుడు పాఠం

కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీలు తెలియని విద్యార్థి అరుదు. పాలపళ్ల విభాగం మొదలు పెద్ద ఎద్దుల విభాగం దాకా పళ్ల లెక్కను ధారాళంగా చెప్పగల పిల్లవాడు ఘర్షణ నిర్వచనం దగ్గర తడబడటం తరచుగా కనిపించే దృశ్యం. బండను కదిలించడానికి కావలసిన బలం, కదిలిన తరువాత దానిని ఈడ్చడానికి కావలసినదానికంటే ఎక్కువ. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణల భేదం ఇదే.

అయితే ఈ దృశ్యంలో ఉపాధ్యాయులు సాధారణంగా విడిచిపెట్టే రెండో భాగం ఉంది. బండ కింద శత్రువైన ఘర్షణే గిట్ట కింద మిత్రం. గిట్ట నేలను వెనక్కి నెడితేనే నేల ఎద్దును ముందుకు నెడుతుంది. ఇసుక పరచిన నేలపై పరుగు ప్రారంభించే విద్యార్థి కాలు జారడం, దేహాన్ని ముందుకు వంచి నేలను వెనక్కి తన్నితే వేగం పుంజుకోవడం, రెండింటికీ వివరణ ఇక్కడే లభిస్తుంది.

4. గరిమనాభి

తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాల్లోని ‘గరిమనాభి’ చక్కని పదకల్పన. నిటారుగా నిలబడిన మనిషిలో ఆ బిందువు సుమారుగా బొడ్డు ప్రాంతంలో, కొంచెం దిగువన ఉంటుంది కనుక పదమే జ్ఞాపకసూచిక అవుతుంది. చంకన కడవ పెట్టుకొన్న స్త్రీ రెండోవైపు ఒరగడం ఈ భావనకు నిత్యదృష్టాంతం. కడవ, దేహం కలిసిన గరిమనాభి మళ్లీ పాదాల మధ్యకు రావాలి. కబడ్డీలో మోకాళ్లు వంచి, పాదాలు ఎడంగా ఉంచడం ద్వారా గరిమనాభి కిందికి దిగి, ఆధారం విశాలమవుతుంది. చీలమండ పట్టు పడినప్పుడు పాదం ఆగుతుంది, పైదేహం ఊపుతో సాగుతుంది. ఆటగాడు పాదం చుట్టూ తిరిగి పడతాడు.

ఈ పదమే ఒక భ్రమకూ కారణమవుతుంది. గరిమనాభి దేహంలో స్థిరంగా ఉండే అవయవం కాదు. దేహం విల్లులా వంగితే అది దేహం వెలుపలకు కూడా పోగలదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్బరీ 2.24 మీటర్ల ఎత్తును వెల్లకిలా దాటి స్వర్ణం గెలిచాడు. ఆ పద్ధతిలో దేహం అడ్డకర్ర మీదుగా పోతుండగా గరిమనాభి కర్రకు దిగువనే ఉండే అవకాశం ఉంది. బొడ్డుతో ముడిపెట్టిన విద్యార్థికి ఇది అర్థంకాదు. కాబట్టి మొదటి పాఠంలోనే వంగిన దేహాన్ని చూపాలి.

5. గడ్డపార, మోచేయి

బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో, కడప బండల గనుల్లో పెద్దబండను గడ్డపారతో లేవనెత్తడం సామాన్యం. తులాదండానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కానీ దీనిని యథాతథంగా దేహానికి అన్వయించడం పెద్ద పొరపాటు. గడ్డపార బలాన్ని పెంచుతుంది, మోచేయి తగ్గిస్తుంది. జబ్బ కండరం మోచేతి కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ముంజేతిని పట్టుకొని ఉండగా, అరచేతిలోని బరువు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 5 కిలోల బరువుకు కండరం 35 కిలోల బరువుకు సమానమైన బలం చూపాలి. ముంజేతి స్వంత బరువు ఈ లెక్కలో చేరలేదు. బదులుగా కండరం ఒక సెంటీమీటరు కుదించుకుంటే అరచేయి ఏడు సెంటీమీటర్లు కదులుతుంది. బంతి విసురులోని వేగానికి మూలం ఈ నష్టమే.

6. గట్టినేల లెక్క

రాయలసీమ మైదానాలు ఏడాదిలో ఎక్కువకాలం ఎండి గట్టిపడి ఉంటాయి. 40 కిలోల బాలిక దూకినప్పుడు ఆమె దేహం అర మీటరు కిందికి వచ్చి నేలను తాకిందనుకుందాం. కాళ్లు బిగించి 5 సెంటీమీటర్లలోనే ఆగితే, నేల ఆమెపై చూపే సగటు బలం ఆమె బరువుకు 11 రెట్లు. తుంటి, మోకాలు, చీలమండ వంచి 25 సెంటీమీటర్లలో ఆగితే 3 రెట్లు. నేల అదే, బాలిక అదే, ఎత్తూ అదే. ఎత్తును ఆగే దూరంతో భాగించి ఒకటి కలిపితే ఈ రెట్లు వస్తాయి. ఎనిమిదో తరగతి విద్యార్థి నోటిలెక్కగా చేయగలడు.

ఈ పాఠానికి ఉపకరణాలు అక్కరలేదు. దూకేటప్పుడు పాదాల చప్పుడు వినమనడం చాలు. చప్పుడు తగ్గేదాకా దూకించి, తరువాత నల్లబల్లపై 11, 3 అని వేసి, ఏది ఎవరి చప్పుడో పిల్లలనే చెప్పమనాలి. ‘ప్రచోదనం’ అనే పదం ఆ తరువాత రావచ్చు. దూకుడుగుంతలో ఇసుకను ప్రతిరోజూ పారతో తవ్వి గుల్లచేయడం ఎందుకో కూడా అప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.