నోరులేని జీవే నిలబడింది

మన ఆర్మూర్ గుట్ట మీది పెద్ద పెద్ద బండల్లో శిలాజాలు దొరుకుతాయా? దొరకవు. అవి గ్రానైట్ జాతి రాళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడితే గ్రానైట్ అవుతుంది. అంత వేడిలో జీవి ఆనవాలు ఏం మిగలదు. బురద, ఇసుక పొరలు పొరలుగా పేరుకొని రాయి అయిన చోటనే శిలాజాలు ఉంటాయి.

అట్లా బురదలో కూరుకుపోయి రాయిగా మారిన జీవుల్లో స్పాంజి ఒకటి. ఇది పలక తుడిచే స్పాంజి కాదు, జంతువు. పాఠంలో స్పంజిక అంటారు. దానికి నోరు లేదు, గుండె లేదు, మెదడు లేదు. నీళ్ల అడుగున ఒక్కచోటనే అంటుకొని ఉంటది. ఒంటి నిండా సన్న రంధ్రాలు. వాటిలోంచి నీళ్లు లోపలికి తీసుకొని, అందులోని సన్నటి తిండిని వడకట్టుకుంటుంది. 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త స్పాంజిని సన్నటి గుడ్డలోంచి పిండితే కణాలు విడిపోయినయి. అవే మళ్లీ కలిసి కొత్త స్పాంజి అయింది!

సుమారు 44.5 కోట్ల ఏండ్ల కింద భూమి బాగా చల్లబడ్డది. నీళ్లు మంచుగా గడ్డకట్టి సముద్రాలు తగ్గినయి. తర్వాత మంచు కరిగింది, నీళ్లలో ఆక్సిజన్ తక్కువైంది. సముద్ర జీవజాతుల్లో నూటికి దాదాపు 85 అంతరించాయి. చైనాలోని అంజి దగ్గర ఆ నాశనం తర్వాతి కాలపు రాళ్లలో 75కు పైగా రకాల స్పాంజి శిలాజాలు దొరికాయని 2017లో శాస్త్రవేత్తలు తెలిపారు. చాలా స్పాంజీలకు కొద్ది ఆక్సిజన్ ఉన్నా చాలు. చచ్చినవాటి నలుసులే వాటికి తిండి. అవి బురదను కదలకుండా పట్టి ఉంచితే, వేరే జీవులకు ఆనుకొని బతకడానికి చోటు దొరికిందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.

నేల మీద ఇట్లాంటి సంగతి మనకు దగ్గర్లోనే ఉంది. సుమారు 25 కోట్ల ఏండ్ల కింద ఇంకా పెద్ద నాశనం జరిగింది. గోదావరి వెంబడి కిందికి పోతే, పాత ఆదిలాబాద్ జిల్లాలో కుందారం రాతిపొర దానికి ముందుది, ఎర్రపల్లి పొర తర్వాతది. రెండింటిలోనూ ఆకులు తినే డైసైనోడాంట్ జంతువుల ఎముకలు దొరికాయి. అంటే ఆ వంశంలో కొన్ని బతికి బయటపడ్డయి.

మనలో అటువైపు ఊర్ల వాళ్లు ఉన్నారు కదా. సెలవుల్లో వాగు ఒడ్డున ఎముకలాంటి రాయి కనబడితే పగలగొట్టకండి. ఎక్కడ చూశారో రాసుకొని వచ్చి సైన్సు టీచర్‌కు చెప్పండి. అది కోట్ల ఏండ్లు దాటుకొని వచ్చింది.

— 9వ తరగతి విద్యార్థిని