స్థానభ్రంశ సదిశల సంకలనం: అంశాల పద్ధతి

సదిశలను త్రిభుజ నియమంతో గీసి కూడటం మీకు తెలుసు. మూడు, నాలుగు సదిశలు ఉన్నప్పుడు స్కేలుతో, కోణమానినితో చేసే చిన్న చిన్న పొరపాట్లు పోగవుతాయి. అంశాల పద్ధతిలో ఈ ఇబ్బంది లేదు.

ఉదాహరణ: కడప జిల్లాలో ఒక లారీ చెన్నూరులో బయలుదేరి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా పులివెందుల చేరింది. దాని ఫలిత స్థానభ్రంశం ఎంత?

సాధన: తూర్పును ఎక్స్-అక్షం ధన దిశగా, ఉత్తరాన్ని వై-అక్షం ధన దిశగా తీసుకోండి. అప్పుడు పడమర, దక్షిణ అంశాలు రుణాత్మకం అవుతాయి. చెన్నూరు నుంచి ప్రొద్దుటూరు సరళరేఖలో సుమారు 33.6 కి.మీ.; దిశ పడమర నుంచి ఉత్తరానికి 36.5°. కాబట్టి,

ఎక్స్-అంశం = −33.6 × కొసైన్ 36.5° = −27 కి.మీ.
వై-అంశం = +33.6 × సైన్ 36.5° = +20 కి.మీ.

మిగిలిన రెండు స్థానభ్రంశాల అంశాలను కూడా పటం నుంచి ఇలాగే సుమారుగా తీసుకుంటే (ఎక్స్, వై వరుసలో, కి.మీ.లలో):

చెన్నూరు – ప్రొద్దుటూరు: −27, +20
ప్రొద్దుటూరు – జమ్మలమడుగు: −18, +11
జమ్మలమడుగు – పులివెందుల: −16, −48
మొత్తం: −61, −17

అక్షాలు పరస్పరం లంబంగా ఉన్నాయి. అందువల్ల ఒక అక్షం వెంట కదలిక రెండో అక్షం వెంట స్థానాన్ని మార్చదు. ఒక్కో వరుసను మామూలు సంఖ్యల్లా కూడగలగడానికి కారణం ఇదే. మొదటి రెండు దశల్లో లారీ ఉత్తరానికి 31 కి.మీ. జరిగింది, మూడో దశలో 48 కి.మీ. దక్షిణానికి రావడంతో చివరకు 17 కి.మీ. దక్షిణాన తేలింది.

పరిమాణం = √(61² + 17²) = √4010 = 63.3 కి.మీ.
టాన్ థీటా = 17/61; థీటా = 15.6°

మూడు సరళరేఖల పొడవులు కూడితే సుమారు 105 కి.మీ. వస్తుంది. అది స్థానభ్రంశం కాదు. రోడ్డు వంపులు కూడా కలిస్తే లారీ నడిచిన దూరం ఇంకా ఎక్కువే.

గమనిక: (−17) ÷ (−61) ధన సంఖ్య కనుక కాల్క్యులేటర్ 15.6° అనే చూపుతుంది. దాన్ని తూర్పు నుంచి ఉత్తరానికి కోణంగా రాస్తే దిశ పూర్తిగా తలకిందులవుతుంది. రెండు అంశాలూ రుణాత్మకం కాబట్టి ఫలితం మూడో పాదంలో ఉంది. సరైన దిశ పడమర నుంచి దక్షిణానికి 15.6°. కోణం రాసే ముందు అంశాల గుర్తులను తప్పక చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు స్థానభ్రంశం కనుక్కోండి. (సూచన: దిశ తిరగబడితే రెండు అంశాల గుర్తులూ మారతాయి.)

జవాబు: 50.2 కి.మీ., తూర్పు నుంచి ఉత్తరానికి 47.4°.