పూసలతో కట్టిన పెంకుటిల్లు



వేసవి సెలవులలో పిల్లలను ఎండలో తిరగనీయక ఇంటిపట్టున ఉంచడం ఎంత కష్టమో తల్లిదండ్రులందరికీ తెలిసినదే. మొన్నటి వేసవిలో మా పిల్లల చేతికి ఒక కొత్త పని దొరికినది. పిల్లల ఆటగా మొదలైన ఆ పని ఇంటిల్లిపాదికీ కొన్ని సంగతులు నేర్పినది గనుక మీతో పంచుకొనగోరి ఇది వ్రాయుచున్నాము.

మా అమ్మగారు పల్లెలో, నాన్నగారు కట్టించిన పెంకుటింటిలో ఒంటరిగా ఉండేవారు. ఆమెకు చూపు మందగించినది. ఇంటి గోడలు బీటలు వారినవి. ఇల్లు అమ్మివేసి ఆమెను మా దగ్గరకు తీసికొని రావాలని అన్నదమ్ములము కూర్చుండి నిర్ణయించుకొన్నాము. ఆమె కాదనలేదు. కాని ఆ రోజు మొదలుకొని మాటలు తగ్గించారు. అది కనిపెట్టినది మా పన్నెండేళ్ళ అమ్మాయి. "నాన్నా, నానమ్మ ఇంటి బొమ్మ చేసి ఇద్దాము. రంగులు వేస్తే ఆమెకు సరిగా కనబడదు. చేతికి తగిలేటట్లు పూసలతో చేద్దాము" అన్నది.

ఏమిటీ పూసలు?

దండలు గుచ్చే పూసలు కావివి. సన్నని గొట్టాన్ని ముక్కలు ముక్కలుగా కోసినట్లుండే ప్లాస్టిక్ పూసలు. సాధారణంగా వాడే పూస అడ్డుకొలత 5 మిల్లీమీటర్లు. చిన్న మొనలు వరుసలుగా నిలబడియున్న పలక మీద ఒక్కొక్క మొనకు ఒక్కొక్క పూస తగిలించి, బొమ్మ పూర్తియైన పిమ్మట పైన కాగితం పరచి ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తారు. పూసల అంచులు కరిగి ఒకదానికొకటి అతుక్కొని బొమ్మ ఒకే పలకగా వస్తుంది. డెన్మార్కులో హామా, స్వీడనులో నాబీ, అమెరికాలో పెర్లర్, చైనాలో ఆర్ట్‌కల్ అనే పేర్లతో ఇవి తయారవుతున్నవి. మన దేశంలో కూడ ఫోను ద్వారా తెప్పించుకొనవచ్చును. మాకు పట్నంలో ఉన్న మరదలు ఒక పెట్టె పంపినది.

ఇది పూర్తిగా కొత్త విద్య అనుకోనక్కర లేదు. వాకిట చుక్కలు పెట్టి ముగ్గు వేసే స్త్రీలకు చుక్కల లెక్క తెలుసు. పోచంపల్లి నేతగాండ్రు నూలుకు రంగు అద్దకముందే గళ్ళ కాగితం మీద బొమ్మ గీసికొంటారు. గడికొక పూస అనే లెక్క కూడ ఆ కుదురుకు చెందినదే.

ఫోను గీసిన బొమ్మ

ఫోటోను గడుల బొమ్మగా మార్చే ఏర్పాట్లు ఇప్పుడు ఫోనులోను, కంప్యూటరులోను ఉన్నవి. ఎన్ని గడుల వెడల్పు, ఎన్ని గడుల ఎత్తు, ఎన్ని రంగులు కావాలో మనం చెప్పితే ఫోటోను గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఏ రంగు పూస పెట్టాలో చూపించి, రంగువారీగా లెక్క కూడ వేసి ఇస్తుంది.

మేము మొదట ఇంటి ఫోటోను ఉన్నది ఉన్నట్లుగా పెట్టాము. ఫలితం చూచి అందరము నవ్వుకొన్నాము. వెలిసిన సున్నం గోడలో ఫోను లెక్కలేనన్ని బూడిద రంగులు వెదకినది. పెంకుల ఎరుపు, మట్టి గోధుమరంగు కలిసిపోయి ఇల్లేదో నేలేదో తెలియలేదు. ఎండ, నీడ, మరక అన్నీ ఫోనుకు వేరు వేరు రంగులే. ఏది ముఖ్యము, ఏది కాదు అని ఎంచుకోవలసినది మనమే.

అందుచేత అమ్మాయి రంగులను ఏడుకు తగ్గించినది: పెంకులకు ఇటుక రంగు, గోడకు తెలుపు, తలుపుకు నీలం, వేపచెట్టుకు ఆకుపచ్చ, మానుకు, నేలకు గోధుమరంగు, బావి గట్టుకు బూడిద రంగు, ఆకాశానికి లేత నీలం. ఆ పిమ్మట గళ్ళ కాగితం తీసికొని, ఫోను ఇచ్చిన బొమ్మను చూస్తూ తానే తిరిగి గీసినది. తలుపును రెండు గడులు వెడల్పు చేసినది. "నానమ్మ ఎప్పుడూ అక్కడే కదా కూర్చుండేది" అన్నది.

పూసల లెక్క

చతురస్రపు పెద్ద పలకకు సాధారణంగా అడ్డం 29, నిలువు 29 మొనలుంటాయి. అనగా 841 పూసలు. కొలతకు సుమారు 14.5 సెంటీమీటర్లు. మేము రెండు పలకలు ప్రక్కప్రక్కన పెట్టాము. వెడల్పు 58 గడులు, ఎత్తు 29 గడులు. మొత్తం 1682 పూసలు. పదింట ఒక వంతు అదనంగా చూచుకొంటే సుమారు 1850 కావాలి. సగంలో ఒక రంగు అయిపోతే పని ఆగిపోతుంది. ఒక కంపెనీ పూసల మధ్య మరొక కంపెనీ పూసలు పెడితే రంగు తేడా రావచ్చును. అన్నీ ఒకే వేడికి కరగకపోవచ్చును కూడ. గనుక ముందే లెక్క చూచుకొనడం మంచిది.

మా అమ్మాయికి లెక్కలంటే బెదురు. మార్కులు కూడ అంతంత మాత్రమే. కాని పైకప్పుకు ఎన్ని పూసలు కావాలని అడిగితే ఒక్కొక్కటి లెక్కపెట్టలేదు. "పై వరుసలో 20, క్రింది వరుసలో 38. ప్రతి వరుసకూ రెండేసి పెరిగినవి. రెండూ కలిపితే 58, సగం 29. పది వరుసలు గనుక 290" అని చెప్పినది. బడిలో రాని లెక్క ఇంటి పైకప్పు మీద వచ్చినది! మేము ఏమియు అనక ఊరకుండి, ఆ అంకెను కాగితం మీద వ్రాసికొన్నాము.

ఇస్త్రీ పెట్టె దగ్గర

పూసలు పేర్చడానికి మూడు సాయంత్రాలు పట్టినది. పలక మీదనే వేడి చేస్తే పలక వంకర పోవచ్చునని, పేర్చిన పూసల మీద వెడల్పాటి కాగితపు టేపు అంటించి, జాగ్రత్తగా తిరగేసి, పలకలు తీసివేశాము. ఆవిరి లేకుండా, మధ్యస్థమైన వేడితో, నూనె అంటని వంట కాగితం పరచి, పెట్టెను ఒకచోట ఆపకుండ గుండ్రంగా కదిలించాము. ఆ ప్రక్క చక్కగా వచ్చినది. టేపు తీసి రెండవ ప్రక్క చేయుచుండగా కరెంటు పోయినది. తిరిగి వచ్చిన తరువాత తొందరలో వేడి ఎక్కువ పెట్టాము. పూసల రంధ్రాలు మూసికొనిపోయి, తలుపు నీలం గోడ తెలుపులోనికి ప్రాకినది. తప్పు మాదే.

"పరవాలేదు, మొదటి ప్రక్క బాగున్నది గదా, అదే పైకి చూపిద్దాము" అని సరిపెట్టుకొన్నాము. వంకర తేలకుండా వేడిగా ఉన్నప్పుడే నిఘంటువు క్రింద పెట్టి చల్లారనిచ్చి, మరునాడు అమ్మగారి చేతికిచ్చాము.

ఆమె వ్రేళ్ళతో తడిమారు. పెంకుల వాలు, తలుపు, గట్టు. చెట్టు దగ్గర చేయి ఆగినది. "వేపచెట్టు ఎడమ ప్రక్కన గదరా! బావి ఇటు రావాలి" అన్నారు.

అప్పుడు గాని మాకు వెలుగలేదు. బొమ్మను తిరగేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. క్రింది ప్రక్కను పైకి చూపించదలిస్తే నమూనాను ముందే అద్దంలోని బొమ్మవలె త్రిప్పి వేసికోవాలి. పేర్లు, అక్షరాలు చేసేవారు దీనిని మరీ గుర్తుంచుకోవాలి. లేకపోతే అక్షరాలు తిరగబడతాయి.

అమ్మాయి కళ్ళు నీళ్ళతో నిండినవి. అమ్మగారు మాత్రము బొమ్మను వదలలేదు. కొంతసేపటికి, "తప్పేమీ లేదమ్మా. పెరటి వైపు నుండి చూస్తే ఇల్లు ఇట్లాగే ఉంటుంది. నేను ఎక్కువ చూచినది పెరటి వైపు నుండే" అన్నారు. ఆ సాయంత్రం ఆమె చాలాసేపు మాట్లాడారు. వేపమొక్క ఎవరు తెచ్చారో, బావి త్రవ్వినప్పుడు రాయి ఎక్కడ తగిలినదో, ఏ గాలివానలో పెంకులు లేచిపోయినవో చెప్పారు. వాటిలో సగం సంగతులు కన్నబిడ్డలమైన మాకే తెలియవు. ఇల్లు అమ్మాలని నిర్ణయించిన నాడు మేము ఆమెను గోడలను గురించి అడిగాము గాని ఇవేవీ అడుగలేదు.

తరువాత మరికొన్ని పూసలు తెప్పించి, నమూనాను త్రిప్పి, అమ్మాయి వీధి వైపు బొమ్మ కూడ చేసినది. వేప కొమ్మలు ఎక్కడి వరకు ఉండేవో నానమ్మను అడిగి అడిగి గళ్ళు నింపినది. ఇంటి తాళాలు కొన్నవారికి అప్పగించి వచ్చిన రోజున రెండు బొమ్మలూ అమ్మగారి మంచం ప్రక్క గోడకు, చేతికి అందే ఎత్తులో తగిలించాము.

చేయదలచినవారికి కొన్ని జాగ్రత్తలు

మొదట పది పన్నెండు గడుల పువ్వు వంటి చిన్న బొమ్మతో ప్రారంభించండి. వేడి ఎంత కావాలో నాలుగు పూసల మీద పరీక్షించి చూడండి. బొగ్గుల ఇస్త్రీ పెట్టెలో వేడి మన అదుపులో ఉండదు గనుక దానిని వాడవద్దు. ఇస్త్రీ పెద్దలే చేయాలి. కిటికీలు తెరచి ఉంచాలి. మూడేళ్ళలోపు పిల్లలు పూసలను నోట పెట్టుకొని గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నది. పని ముగియగానే నేల ఊడ్చి డబ్బాలో వేసి మూత పెట్టండి. ఇది ప్లాస్టిక్ గనుక మిగిలినవి కాల్చవద్దు, కాలువలో వేయవద్దు. రంగులవారీగా దాచుకొంటే మరొక బొమ్మకు పనికివస్తాయి.

ఏ బొమ్మ చేయాలో తోచకపోతే, మీ ఇంటిలోని పెద్దవారిని వారు పుట్టిన ఇల్లు ఎట్లుండేదో అడగండి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని మరీ అడగండి.