కాలిన గాయానికి లేజర్: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు?

ఈరోజు టాపిక్ మా ఇంట్లోనే మొదలైంది. పుంగనూరులో మా చిన్నమ్మ వడలు కాలుస్తుంటే బాణలి ఒరిగి, కాగిన నూనె ముంజేతి మీద పడింది. పక్కింటావిడ టూత్‌పేస్ట్ తెచ్చింది, అవ్వ పసుపు తెచ్చింది. నీళ్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

నాలుగో రోజు మా తమ్ముడు ఒక రీల్ చూపించాడు. "ఎర్ర లేజర్ పెట్టిస్తే కొత్త చర్మం వచ్చేస్తుందంట అన్నా!" అన్నాడు. మదనపల్లెలో ఒక సెంటర్‌కి తీసుకెళ్లాం. వాళ్లు కట్టు విప్పి గాయం చూడకుండానే పది సిట్టింగ్‌ల ప్యాకేజీ చెప్పారు. అక్కడ నాకు డౌట్ కొట్టింది. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

మరి ఈ లేజర్ అంతా అబద్ధమా? కాదు. మొదటి లేజర్‌ని 1960లో అమెరికాలో మైమన్ వెలిగించాడు. 1967 ప్రాంతంలో హంగేరీలోని బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్, బొచ్చు గొరిగిన ఎలుకల మీద తక్కువ పవర్ రూబీ లేజర్ వేశాడు. దానివల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామనుకున్నాడు. క్యాన్సర్ రాలేదు, కానీ గొరిగిన చోట బొచ్చు త్వరగా మొలిచింది. ఆ తర్వాత ఆయన మానని పుండ్ల మీద కూడా ఈ వెలుగును వాడి చూశాడు.

ఇది ఆపరేషన్‌లో కోసే లేజర్ కాదు. పవర్ సాధారణంగా అర వాట్ లోపే, చర్మం కాలదు. రంగు ఎరుపు, లేదా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. అంటే సుమారు 600 నుంచి 1000 నానోమీటర్ల మధ్య.

లోపల ఏం జరుగుతుంది? మన కణాల్లో మైటోకాండ్రియా ఉంటాయి కదా, అక్కడ సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ వెలుగును పీల్చుకుంటుందని, దాంతో ఏటీపీ తయారీ పెరుగుతుందని ఎక్కువమంది చెప్పే వివరణ. ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టే ఎనర్జీ. దాన్ని కండరాల్లోంచి మొదట వేరు చేసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. 1929లో, హార్వర్డ్‌లో, ఫిస్క్‌తో కలిసి చేశారు. గాయం దగ్గర ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ అల్లాలన్నా, చర్మ కణాలు అంచుల నుంచి లోపలికి పాకాలన్నా ఈ ఎనర్జీ కావాలి.

ఇప్పుడు అసలు పాయింట్. లేజర్‌ని ఫోన్ చార్జర్ అనుకోండి. బ్యాటరీ డౌన్ అయితే చార్జర్ పనికొస్తుంది. బ్యాటరీయే కాలిపోతే? పైపొర మాత్రమే కాలితే చర్మం తనంతట తనే మానుతుంది. సగం లోతు కాలితే వెంట్రుకల కుదుళ్ల దగ్గర కణాలు బతికే ఉంటాయి, సాయం చేసే అవకాశం అక్కడే. చర్మం పూర్తి మందం కాలిపోతే వెలుగు పీల్చుకోవడానికి అక్కడ కణాలే మిగలవు. సాధారణంగా వేరే చోట నుంచి చర్మం తీసి అతికించాల్సిందే. లోతు చూడకుండా లేజర్ చెప్పడం తప్పు అంటున్నది అందుకే.

డోసు కూడా ముఖ్యం. తక్కువైతే ఫలితం ఉండదు, మరీ ఎక్కువైతే కణం పని తగ్గిపోతుంది. ఎలుకల మీద మంచి ఫలితాలు చాలా వచ్చాయి. మనుషుల కాలిన గాయాల మీద మాత్రం చిన్న చిన్న స్టడీలే, ఒక్కో చోట ఒక్కో డోసు. గట్టి ఆధారం ఉన్నది వేరే చోట: క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటిపుండ్లకు. దానికి 2018లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ కూడా ఆమోదం తెలిపింది.

కాబట్టి కాలిన వెంటనే చేయాల్సింది ఇది. 20 నిమిషాలు పారే చల్లని నీళ్ల కింద పెట్టండి. ఆలస్యమైనా, మూడు గంటల లోపు అయితే ఉపయోగం ఉంటుంది. ఐస్ వద్దు, పేస్ట్ వద్దు, పసుపు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. బొబ్బలు చిదమకండి, శుభ్రమైన బట్ట కప్పండి. మొహం, చేతులు, కీళ్లు కాలినా, కరెంట్ వల్ల కాలినా, గాయం మీ అరచేతి కంటే పెద్దదైనా ఆసుపత్రికే వెళ్లండి, 108కి ఫోన్ చేయండి. టీటీ ఇంజెక్షన్ గురించి అడగండి.

మా చిన్నమ్మను కుప్పం తీసుకెళ్లాం. అక్కడ డాక్టర్ కట్టు విప్పి, కడిగి, లోతు చూశారు. చాలా భాగం తనంతట తనే మానింది, మోచేతి దగ్గర చిన్న ముక్కకు మాత్రం చర్మం అతికించారు. ఇప్పుడు చెయ్యి చాపగలుగుతోంది. "ఆ రోజు కొళాయి కింద పెట్టుంటే ఇంత లేకపోవునేమోరా" అంటుంది.

ఎవరైనా మీకు లేజర్ చెబితే మూడు ప్రశ్నలు అడగండి. గాయం లోతు ఎంత? ఏ వెలుగు, ఎంత డోసు? డ్రెస్సింగ్ ఎవరు చూస్తారు? జవాబు రాకపోతే డబ్బులు కట్టకండి. ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో వంట చేసేవాళ్లందరికీ చూపించండి.