వానలెక్కయు, గాదెలోని గింజయు

గతమాసమున నొక మెట్టగ్రామపు సంఘసభలో వృద్ధరైతొకరు మమ్మిట్లడిగిరి: "అయ్యా, ఏటి వానమొత్తము తగ్గలేదని మీరే చెప్పుచున్నారు. మరి నా వేరుశనగ యేల యెండినది?" ఈ సందేహము పెక్కుమంది సభ్యులకు గలదు గావున, దానికి సమాధానము నిచట వ్రాయుచున్నాము.

పైరు బ్రదుకునది ఏటి మొత్తపు వానచే గాదు, అదనున బడిన వానచే. ఒక యంగుళపు వాన యెకరము నేలపై బడినచో సుమారు లక్ష లీటర్ల నీరగును. అది నాలుగు తడవలుగా బడిన నేల త్రాగును. ఒక్క గడియలో గురిసిన, పైమన్నును గూడ దీసికొని వాగులో గలియును. వానకొలత పాత్రకు రెండును సమానమే. చేనికి సమానము గావు.

వాన నడక మారుటకు హేతువేమి? బొగ్గును, చమురును మండించుటచే గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినది. యంత్రపరిశ్రమలకు పూర్వము పదిలక్షల పాళ్లలో 280 పాళ్లుండిన యీ వాయువు ఇప్పుడు 420 పాళ్లను మించినది. ఇది భూమి వేడిని బయటికి బోనీయక దుప్పటివలె నాపును. వేడిమి ఒక డిగ్రీ హెచ్చినచో గాలి నూటికి సుమారు ఏడుపాళ్ల తేమను అదనముగా బట్టగలదు. కావున నట్టిగాలి నేలతేమను త్వరగా బీల్చును. కురియునపుడు కుండపోతగా గురియును. వానకును వానకును నడుమ బెట్ట హెచ్చుట కిదియొక కారణము.

దీని ఫలము మెట్టసీమలకే పరిమితము గాదు. 2022 మార్చి మన దేశమున 1901 తరువాత మిక్కిలి వేడియైన మార్చి. ఉత్తరదేశమున గోధుమగింజ పాలుపోసికొను వేళ నా యెండ తగిలి దిగుబడి తగ్గెను. మే 13న ప్రభుత్వము గోధుమ యెగుమతిని నిషేధించెను. 2023 ఆగస్టు 1901 తరువాత మిక్కిలి వానలేని ఆగస్టు. నీటివసతి గల మండలములకే చిక్కు గలుగుచుండగా, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొనివచ్చు అనంతపురపు మెట్టరైతు మాట వేరుగ జెప్పవలెనా?

ఒక్క వేరుశనగనే నమ్మినవాడు దాని నమ్మి బియ్యము గొనును. ఊడలు దిగు వేళ బెట్ట తగిలిన కాయ యూరదు, చేత పైకముండదు. దేశమున కఱవైన యేడు బియ్యపు ధరయు హెచ్చును. రెండు దెబ్బలు నొకేమాఱు తగులును. కొంతనేల కొఱ్ఱయో, సజ్జయో వేసినవానికి అప్పు మిగిలినను, పిల్లలకు కూడుండును. పూర్వము మేమును ధరను జూచి, చేనంతయు వేరుశనగయే వేయుడని చెప్పియుంటిమి. ఆ సలహా పొరపాటని యొప్పుకొనుచున్నాము.

ఇక జేయవలసినది. చేను వాలునకు అడ్డముగా దున్నుడు. పల్లపుమూల నీటికుంట త్రవ్వుడు. వేరుశనగ నడుమ కందిసాళ్లు వేయుడు. కందివేరు లోతునకు బోయి, పైనేల యారినను అడుగుతేమను దీసికొనును. కొఱ్ఱ మూడునెలలలోపుననే చేతికి వచ్చును గావున, కొంత భాగమున దానిని వేయుడు. తొలిచినుకునకే తొందరపడక, లోతుగా పదునైన పిదప గొఱ్ఱు గట్టుడు. తొలకరి మిక్కిలి యాలస్యమైనచో వేరుశనగకై పంతము వలదు. సజ్జ, అలసంద, ఉలవలలో నేలకు దగినదానిని వేయుడు.

ఇదంతయు విని ఆ వృద్ధులు, "బాగుగనే యున్నది గాని, కొఱ్ఱవిత్తు మా యూర నెవరింటనున్నది?" అనిరి. మాకు మాట దోచలేదు. విత్తు లేని సలహా వట్టిమాటయే గదా! కావున ప్రతిసంఘమును తొలకరికి ముందే విత్తుగాదె నొకదానిని బెట్టుకొనవలెనని మా మనవి. మానెడు విత్తు గొనిన సభ్యుడు పంటనాడు మానెడుంబావు మరల గొలువవలెను. అట్లు గొలిచినది మఱుచటియేటికి మఱికొందఱకు జాలును.

వానను మనము శాసింపలేము. విత్తును మాత్రము దాచుకొనగలము. రాబోవు సభలో సభ్యులెల్లరు నీ విషయము నాలోచించి తీర్మానింతురని నమ్ముచున్నాము.