వేలికొనతో గేరు మార్చే యంత్రం

మేము ఈ తెలుగు బడిలోనే అక్షరాలు దిద్దుకుని, ఇప్పుడు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు పాత విద్యార్థులం. మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులే తయారుచేసే రేసు కారుకు గేర్లు మార్చే ఏర్పాటును రూపొందించే పని మా వంతుకు వచ్చింది. "గేరు మార్చడానికి చెయ్యి చాలదా? దానికో యంత్రం కూడానా?" అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నకు మా జవాబు ఈ వ్యాసం.

పోటీ సంగతి

ఫార్ములా ఎస్.ఎ.ఇ. అనే ఈ పోటీ 1980లో టెక్సస్‌లో మొదలైంది. ఒక్క మనిషి కూర్చునే చిన్న రేసు కారును విద్యార్థులే గీసి, లెక్కలు కట్టి, తయారుచేసి, నడపాలి. మొత్తం 1000 పాయింట్లు. అందులో 150 పాయింట్లు డిజైనుకు. న్యాయనిర్ణేతలు ఒక్కో భాగాన్ని చూపించి "ఇది ఇలాగే ఎందుకు చేశారు?" అని అడుగుతారు. అన్నిటికన్నా పెద్ద వాటా, 275 పాయింట్లు, ఎండ్యూరెన్స్ అనే పరుగుది. సుమారు 22 కిలోమీటర్లు, మధ్యలో డ్రైవరు మారాలి. దారిలో కారు ఆగిపోతే ఏడాది కష్టం అక్కడితో సరి. ఏటా చాలా కార్లు ఈ పరుగు పూర్తి చెయ్యలేకపోతాయి.

పెట్రోలు ఇంజను 710 సి.సి. మించకూడదు. అది పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే రావాలి. అంటే మన జేబులోని నికెల్ నాణెం కన్నా కాస్త చిన్నది. అందుకని ఇంజనుకు ఎక్కువ వేగాల్లో ఊపిరి అందదు. అది చురుగ్గా పనిచేసే వేగం దాటిపోకుండా ఉండాలంటే గేర్లు తరచుగా మారుస్తూ ఉండాలి. ట్రాకు నిండా మలుపులే. మలుపులో ఒక చెయ్యి స్టీరింగ్ వదిలితే కారు అదుపు తప్పే ప్రమాదం ఉంది.

ఫార్ములా వన్ కార్లలో ఈ చిక్కుకు ఫెరారీ ఒక దారి చూపింది. 1989లో జాన్ బర్నార్డ్ రూపొందించిన కారులో స్టీరింగ్ వెనకే గేరు మీటలు పెట్టారు. ఆ కారుతో నైజెల్ మాన్సెల్ ఆ ఏటి మొదటి పందెమే, బ్రెజిల్‌లో, గెలిచాడు.

గేరుపెట్టె లోపల

మా కారులో ఉన్నది మోటారు సైకిలు ఇంజను. సెలవుల్లో తాతగారి ఊరికి వెళ్ళినప్పుడు బాబాయి ఎడమకాలితో టక్కుమని గేరు మార్చడం మీరు చూసే ఉంటారు. ఇందులో గేర్లు వరసగానే మారతాయి. ఒకటి నుంచి నాలుగుకు దూకడం కుదరదు.

లోపల గేరు చక్రాలన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. చక్రాల పక్కన మొద్దు పళ్ళుంటాయి. ఏ చక్రం పళ్ళు పక్కదానిలో ఇరుక్కుంటే ఆ గేరు పడినట్టు. ఇంజను బలంగా తిప్పుతున్నంతసేపూ ఆ పళ్ళు ఒకదాన్నొకటి అదుముకుని ఉంటాయి. తలుపును అవతలినుంచి ఎవరో గట్టిగా నెడుతుంటే గొళ్ళెం తియ్యగలమా? నెట్టేవాళ్ళు ఒక్క క్షణం ఆగితే చాలు, పిల్లవాడు కూడా తీసేస్తాడు. గేరు మార్చే యంత్రంలోని కిటుకంతా ఇదే. దానికి బలం కొంత చాలు, అదను మాత్రం సరిగ్గా కుదరాలి.

ఎంత బలం?

ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు మన ఇళ్ళన్నిటిలో ఉంటుంది కదా! దాన్నే గేరు కడ్డీకి తగిలించి లాగి చూశాం. సుమారు 15 కిలోల దగ్గర గేరు పడింది. వేడికి, దుమ్ముకు బిగుసుకున్నా పనిచెయ్యాలని దానికి రెట్టింపు, 30 కిలోలు, లక్ష్యంగా పెట్టుకున్నాం.

విద్యుత్తుతో లాగే అయస్కాంతం వాడవచ్చు. కానీ అది మా చిన్న బ్యాటరీ నుంచి ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. అందుకే గాలిని ఎంచుకున్నాం. సైకిలు పంపులో మనం కడ్డీని నెడితే గాలి బయటికి వస్తుంది. దాన్ని తిరగెయ్యండి: గాలిని లోపలికి పంపితే కడ్డీ కదులుతుంది. మా సిలిండరు వ్యాసం 25 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 4.9 చదరపు సెంటీమీటర్లు. 7 బార్ ఒత్తిడిలో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 7 కిలోల బలం పడుతుంది. 4.9ని 7తో గుణిస్తే 34 కిలోలు. ఆరో తరగతి లెక్కే!

ఎంత గాలి?

పిస్టన్ పూర్తిగా కదిలినప్పుడు దాని వెనక 5 సెంటీమీటర్ల పొడవున గాలి నిండుతుంది. అది మామూలు గాలిగా లెక్కిస్తే, గొట్టాలతో కలిపి, ఒక్కో మార్పుకు దాదాపు 0.2 లీటరు. ఎండ్యూరెన్స్‌లో చుట్టుకు 20 మార్పుల చొప్పున 22 చుట్లు వేసుకుంటే 440 మార్పులు, 88 లీటర్లు. పెయింట్‌బాల్ ఆటలో వాడే 0.8 లీటరు సీసాలో 200 బార్ ఒత్తిడితో 160 లీటర్ల గాలి పడుతుంది. కాస్త కారినా పరుగు పూర్తవుతుంది. ఇంత ఒత్తిడి ఉన్న సీసాతో ఆటలు కూడదు. ఒత్తిడి తగ్గించే పరికరం నేరుగా సీసా మీదే ఉండాలనీ, సీసా డ్రైవరు వైపు గురిపెట్టి ఉండకూడదనీ నియమాలు చెబుతున్నాయి.

అదను

డ్రైవరు కుడి మీట నొక్కగానే కంట్రోలరు ఇంజనులో స్పార్కును ఆపుతుంది. పళ్ళు వదులవుతాయి. అదే క్షణంలో గాలి వాల్వు తెరుచుకుని కడ్డీ కదులుతుంది. కొత్త గేరు పడిందని సెన్సరు చెప్పగానే స్పార్కు తిరిగి వస్తుంది. ఇదంతా సెకనులో పదో వంతు లోపలే అయిపోవాలి.

కింది గేరుకు దిగడం ఇంకా సున్నితం. మా ఇంజనులో మొదటి గేరు నిష్పత్తి 2.75, రెండోది 2.00. రెండో గేరులో నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతున్న ఇంజను మొదటి గేరుకు దిగితే 12,375 చుట్లు తిరగాల్సి వస్తుంది. వేగం హద్దు మించుతుందని లెక్క తేలితే, డ్రైవరు ఎంత నొక్కినా కంట్రోలరు ఒప్పుకోదు.

చెడిపోతే?

మేము ఎక్కువ కాలం ఆలోచించింది దీని గురించే. ఈ ఏర్పాటు బరువు దాదాపు 3 కిలోలు. మామూలు చేతి కడ్డీ తేలిక, పైగా చెడేది తక్కువ. అందుకని మూడు నిర్ణయాలు తీసుకున్నాం. నిర్ణీత సమయంలో సెన్సరు జవాబివ్వకపోతే కంట్రోలరు వాల్వు మూసి స్పార్కు తిరిగి ఇచ్చేస్తుంది, కారు పాత గేరులోనే సాగుతుంది. గాలి అయిపోతే డ్రైవరు అందుకునే చోట చిన్న చేతి కడ్డీ ఉంటుంది. అదీ అందకపోతే, ఒక్క రెండో గేరులోనే ట్రాకంతా తిరిగేలా గొలుసు చక్రాల పళ్ళు ఎంచుకున్నాం. నెమ్మదిగానైనా గీత దాటితే పాయింట్లు వస్తాయి.

ఇండియాలోనూ ఇలాంటి పోటీలున్నాయి. ఫార్ములా భారత్ పోటీలు కోయంబత్తూరు దగ్గరి కరి ట్రాకు మీద జరిగాయి. ఇంజనీరింగ్ చదివే మీ అన్నయ్యలనూ అక్కయ్యలనూ అడిగి చూడండి. ఇక అమెరికాలో 2013 నుంచి విద్యుత్ కార్లకూ ఈ పోటీ ఉంది. వాటిలో చాలా కార్లకు గేర్లు మార్చే పనే లేదు. పిల్లలూ, మీరు కాలేజీకి వచ్చేసరికి మా యంత్రం పాతబడిపోవచ్చు. కానీ ఎంత బలం కావాలి, ఎంత సమయం ఉంది, చెడిపోతే మనిషికేమవుతుంది అనే మూడు ప్రశ్నలు ఏ యంత్రానికైనా వెయ్యాల్సినవే. శనివారం రాత్రి మీ అబ్బాయో అమ్మాయో చేతులకు గ్రీజుతో ఆలస్యంగా ఇంటికొస్తే, తల్లిదండ్రులు ఆ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబు తెలుగులో చెప్పమనండి. అలా చెప్పగలిగితే వాళ్ళకు పని అర్థమైనట్టే.