మీకు తెలుసా? ఖాళీ ఉన్నా ఫైలు పట్టని పెన్‌డ్రైవ్

డిస్కులో ఏ ఫైలు ఎక్కడ ఉందో, దాని పేరూ పరిమాణమూ ఏమిటో నమోదు చేసి ఉంచే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 2017లో మాక్ కంప్యూటర్లకు చేరిన ఏపీఎఫ్‌ఎస్, లినక్స్‌లో విరివిగా వాడే ఈఎక్స్‌టీ4 అలాంటివే. ఒకదాని నమోదు మరొకదానికి తెలియదు కనుక, లినక్స్ డిస్కును విండోస్‌కు తగిలిస్తే, ఫైళ్లన్నీ పదిలంగా ఉన్నా, డిస్కును ఫార్మాట్ చేయాలని అది సూచిస్తుంది. ఆ మాట నమ్మి సరేనంటే నష్టం తప్పదు. మాక్ మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదువుతుంది గానీ, అదనపు సాఫ్ట్‌వేర్ లేనిదే అందులో రాయనివ్వదు.

అన్నిటికీ తెలిసిన పాత పద్ధతి ఫ్యాట్32. అయితే అందులో ఫైలు పరిమాణాన్ని రాసుకునే గడికి 32 బిట్లే కేటాయించినందువల్ల, 4 జీబీ కంటే ఒక్క బైటు తక్కువ వరకే ఒక ఫైలు ఉండగలదు. అందుకే 32 జీబీ పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా 5 జీబీ వీడియోను అది స్వీకరించదు. ఈ హద్దును దాటించడానికి మైక్రోసాఫ్ట్ 2006లో ఎక్స్‌ఫ్యాట్‌ను తెచ్చినా, దాని నిర్మాణ వివరాలను బయటపెట్టింది 2019లోనే కాగా, అదే ఏడాది లినక్స్ కెర్నల్ 5.4లో దానికి చోటు దక్కింది. ఆ పద్ధతి లినక్స్ ఫైళ్ల అనుమతులను, అంటే ఏ ఫైలును ఎవరు తెరవవచ్చో చెప్పే గుర్తులను, భద్రపరచదు కాబట్టి, ఆ ఫైళ్లను ముందుగా, అనుమతులతో సహా ఒకే కట్టగా ఉంచే టార్ ఫైలుగా కట్టి ఎక్కించడం మేలు.